కార్జం పెట్టిన మడత

ఆ పొద్దున నల్లమల మీద ఒక మబ్బు లేచింది. మేము మజిలీ చేసిన చోట ఎద్దులకు నీళ్లు పెట్టి కాడి ఎత్తేసరికి అది మా నెత్తిమీదికి వచ్చేసింది. కాసేపు నిలబడింది. తరువాత పడమటికి సాగిపోయింది. చినుకు రాలలేదు గానీ దాని నీడ రోడ్డు మీద మాకు ముందుగా నడిచింది. ఎద్దులు ఆ నీడను అందుకోవాలని కాళ్లు సాగించాయి. అందలేదు. ఆ యేడు మబ్బులన్నీ అట్లాంటివే.

ఆత్మకూరు నుంచి వెదురు వేసుకుని కర్నూలుకు తోలేవాళ్లం. జర్మనీ యుద్ధం రెండోసారి ఇంకా రాని రోజులు. దారిలో ఒక మజిలీ చేసి, రెండోనాడు ఎండ ముదిరేసరికి నందికొట్కూరు దాటి, కర్నూలు రోడ్డు పక్కన బండ్లు విప్పేవాళ్లం. ఎద్దులు నెమరు వేసుకుని లేచేదాకా, పొద్దు వాలేదాకా అక్కడే ఉండేవాళ్లం. విప్పే చోట బోదగడ్డి కప్పిన ఒక కొట్టం ఉండేది. అది పీర్ బాషాది. పీర్ బాషా కూడా ఒకప్పుడు బండి తోలినవాడే. ఒకసారి దిగుడులో వెదురు మోపు జారి తొడ మీద పడింది. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి ఆ కొట్టాన్ని నడిపేది అతని భార్య దస్తగిరమ్మ.

ఆమె చేసే తిండిని మేము మడత అనేవాళ్లం. జొన్నరొట్టె మధ్యలో వేయించిన కోడి. చెప్పుకుంటే ఇంతే. కానీ దాని వెనుక ఒక ఆలోచన ఉంది. మొగుడు బండి తోలే రోజుల్లో ఒక చేత్తో పగ్గం పట్టుకుని, ఇంకో చేత్తో సంగటి ముద్ద తింటూ, పులుసు మోచేతి దాకా కారించుకుంటూ పోవడం ఆమె చూసింది. ఒక చేత్తో పట్టుకుని తినేది, కారనిది, ఉమ్మేయడానికి ఎముక లేనిది ఏదైనా ఉంటే బాగుండునని అనుకుందట. అతను మంచాన పడినాక ఆ తిండి కుదిరింది. అతనికి అక్కరకు రాలేదు గానీ రోడ్డు మీద పోయే అందరికీ వచ్చింది.

కోడికి ఉప్పు, పసుపు, కారం, దంచిన తెల్లగడ్డ పట్టించి మొదట దాని నీళ్లలోనే ఉడకనిచ్చేది. నీళ్లు ఇగిరినాక కుసుమనూనె పోసి బాండ్లిలో ఎర్రగా వేయించేది. తరువాత ఒక్కొక్క ఎముకా వేళ్లతోనే ఒలిచేది. కత్తి వాడేది కాదు. ఎముకలు మళ్లీ ఉడకేసి, ఆ చారు జ్వరం మనుషులకని పక్కన పెట్టేది. రొట్టె పెనం మీద నుంచి దించి వేడిగా ఉన్నప్పుడే మాంసం పరిచి, వేయించి దంచిన వేరుశెనగ విత్తనాల పొడి చల్లి, ఎర్రగడ్డ నలిపి వేసి మడిచేది. నూనెనూ కొవ్వునూ రొట్టె తాగేసేది. చేతికి జిడ్డు అంటేది కాదు.

ఆకు అక్కర్లేదు, పళ్లెం అక్కర్లేదు. చేతిలో పెడితే ఎవరి బండి దగ్గరికి వాళ్లు పోయి తినేవాళ్లం. బోయలం మేము ఒకచోట, గాబ్రియేలు లాంటి క్రైస్తవులు ఇంకొకచోట. నీళ్ల దగ్గర ఉండే తేడాలు ఉండేవి. మడత దగ్గర మాత్రం అందరికీ అదే గంప, అదే చేయి.

దాని బలాన్ని మేము రోడ్డుతో కొలిచేవాళ్లం. రాగిసంగటి తింటే బ్రాహ్మణకొట్కూరు దాకా వస్తుంది. ఉత్త జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి తింటే గార్గేయపురం దాకా. దస్తగిరమ్మ మడత తింటే హంద్రీ ఒడ్డున కాడి దించేదాకా ఆకలి మాట గుర్తుకు రాదు. చిన్న ఈరన్న అని మాలో ఒక నోటి దురుసు మనిషి ఉండేవాడు. ఆ మడత ఎద్దుకు పెడితే బండి అదే పోతుంది, నేను ఇంటికాడ పడుకుంటానని అనేవాడు.

కోడికి ఒకటే కార్జం. అది ఎవరికి పోవాలో దస్తగిరమ్మ తేల్చేది. మా వైపు ఇళ్లలో కార్జం అల్లుడికో, ఇంటికి వచ్చిన పెద్దమనిషికో వేస్తారు. కందనకాయ పిల్లలకు. వండిన ఆడమనిషికి మెడా కాళ్లూ మిగులుతాయి. దస్తగిరమ్మ దగ్గర అల్లుళ్లూ లేరు, పెద్దమనుషులూ లేరు. ఆమె వచ్చినవాళ్ల మొగాలు చూసేది. కళ్ల కింద రెప్ప తెల్లబడినవాడో, నడిచేటప్పుడు రొప్పేవాడో కనిపిస్తే కార్జం అతని మడతలోకి పోయేది. చెప్పి పెట్టేది కాదు. తినేవాడికి పంటి కింద మెత్తగా తగిలినప్పుడు తెలిసేది. అడిగి పెట్టించుకునే ముక్క కాదది. అడగడం సిగ్గు.

ఆ మబ్బు పోయిన రోజు గాబ్రియేలు బండి విప్పి ఎద్దుల పక్కనే కూర్చుండిపోయాడు. మడతకు రాలేదు. అతనిది బ్రాహ్మణకొట్కూరు. చర్చి పక్కన ఇల్లు. భార్య జీవమ్మకు కడుపు. దస్తగిరమ్మ తానే మడత పట్టుకుని అతని దగ్గరికి పోయింది.

“ఏమప్పా గాబ్రియేలూ, మొగం అట్ల పెట్టుకోనుండావు?”

“జీవమ్మకు దీపాల యాళయితే కనపడ్డంల్యాక్కా. పొద్దు మునిగితే గోడ పట్టుకోని నడుస్తాండాది. మొన్న పొయ్యి కాడ కొంగంటుకొన్యాది.”

రేచీకటి మాకు తెలియనిది కాదు. కరువు యేట కడుపుతో ఉన్న ఆడవాళ్లకు వస్తుంది. మునగాకు తినాలంటారు, పొన్నగంటి కూర తినాలంటారు. ఆ యేడు మునగచెట్టుకు పుల్లలే మిగిలాయి. చెరువు అడుగున పొన్నగంటి ఉండే చోట బీటలు ఉన్నాయి.

అమ్మవారి టీకాలు వేసే అయ్యవారు ఒకాయన సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. ఆ రోజు సైకిలు చక్రం గాలి పోయి కొట్టంలో కూర్చుని ఉన్నాడు. గాబ్రియేలు మాట విని, తాను తింటున్న మడత తెరిచి మాకు చూపించాడు. ఎప్పుడూ అంతగా మాట్లాడని మనిషి. ఆ రోజు బాగా చెప్పాడు. జొన్నలో ఉండేది పొయ్యిలో కట్టె లాంటిదట, మండి మనిషిని నడిపిస్తుంది. కోడి మాంసంలో ఉండేది గోడకు మట్టి లాంటిది, అరిగిన కండను మళ్లీ మెత్తుతుంది. నూనె, కొవ్వు నిదానంగా మండే మొద్దు. అందుకే హంద్రీ దాకా ఆకలి వేయడం లేదన్నాడు. శెనగవిత్తనాలు మాంసానికి తోడు, ఎర్రగడ్డ వీటన్నిటినీ ఒంటికి పట్టిస్తుంది. ఒక పూటకు మనిషికి ఏం కావాలో అన్నీ ఈ రొట్టెలో ఉన్నాయని, పట్నంలో పుస్తకం చదివి వండినా ఇంతకంటే బాగా కుదరదని అన్నాడు.

తరువాత కార్జం సంగతికి వచ్చాడు. కోడి తిన్న ఆకు, పురుగు, గింజ, వీటన్నిటి సారం అది కార్జంలో దాచుకుంటుందట. అందులో కంటికి కావలసిన సరుకు ఒకటి ఉందని ఈమధ్యనే కనుక్కున్నారు. దానికి పేరు కుదరక ఇంగ్లీషు అక్షరం ఒకటి తగిలించి పిలుస్తున్నారు.

“పేర్లకు గూడా కరువొచ్చెనా దొరలకు?” అన్నాడు చిన్న ఈరన్న.

అందరమూ నవ్వాం. దస్తగిరమ్మ నవ్వలేదు. “పేరు ల్యాకపోతే పోనీలేప్పా. అది పని చేస్తాదా అని అడుగు అయ్యవారిని.”

చేస్తుందని, దినమూ తినగలిగితే చూపు తిరిగి వస్తుందని ఆయన చెప్పాడు. తన అవ్వ కూడా ఇదే మాట చెప్పేదని, పుస్తకాలవాళ్లు ఇప్పుడు వచ్చి చేరుకున్నారని కూడా అన్నాడు. గాలి కొట్టుకుని పోయాడు.

ఆ యేడు కార్జం దొరకడం తేలిక కాదు. కోళ్లకు కొక్కెర తెగులు వచ్చింది. పొద్దున మేసిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేది. నందికొట్కూరు చుట్టూ పల్లెల్లో కూసే పుంజు లేకుండా పోయింది. సంతలో మేకను కోస్తే దాని కార్జం కోయకముందే పెద్ద ఇళ్లకు చెప్పిపెట్టి ఉండేది. పీర్ బాషా గుంజలాంటి కాలు ఈడ్చుకుంటూ దూరపు పల్లెలు తిరిగి రోజుకు ఒక్క కోడిని తెచ్చేవాడు. అదే గగనం. ఆ ఒక్క కోడిని ఆమె ఇంతమందికీ సరిపోయేటట్టు సన్నగా ఒలిచి పరిచేది. కార్జం మాత్రం ఒకటే.

ఆ రోజునుంచి అది జీవమ్మకు పోయింది. గాబ్రియేలు బండి దినమూ రాదు గదా. ఏ బండ్లు కర్నూలు వైపు పోతూ ఉంటే వాటిలో మొదటి బండివాడి చేతిలో ఆముదపాకులో చుట్టిన ఒక మడత పెట్టేది. “చర్చి పక్కనిల్లు. జీవమ్మ చేతికే ఇయ్యప్పా” అనేది. అంతే. వెదురు బండ్లు, శెనక్కాయ బండ్లు, సున్నపురాయి బండ్లు, పేరు కూడా తెలియని మనుషులు ఆ ఆకుపొట్లం మోశారు. పొట్టలో ఆకలి ఉన్న మనుషులు, పొద్దు వాలే వేళ, వేడి మడత వాసన పక్కన పెట్టుకుని ఆ దూరం తోలారు. దాన్ని ఎవరూ విప్పలేదు. మా రోడ్డు మీద నేను చూసిన పనుల్లో అది పెద్దదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జీవమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడి ఉండేది. ఎద్దుల గంటలు ఆగిన దిక్కుకు చేయి చాపేది. చేయి కొంచెం పక్కకు పోయేది. మనమే దాన్ని పట్టుకుని పొట్లం పెట్టాలి. కొన్నాళ్లు అట్లాగే సాగింది. తరువాత ఒక సాయంత్రం నేను బండి నిలిపి దిగకముందే ఆమె గడప దిగి వచ్చింది.

“మీ ఎర్రెద్దు ముందరికాలు కుంటుతాండాదే బొజ్జన్నా” అంది.

నేను వంగి చూశాను. గిట్టలో రాయి ఇరుక్కుని ఉంది. అప్పటికి పొద్దు మునిగిపోయింది. నాకే సరిగా కనిపించడం లేదు. తడుముకుంటూ రాయి తీశాను. మరుసటి ప్రయాణంలో కొట్టం దగ్గర ఈ సంగతి చెబితే దస్తగిరమ్మ పిండి తడుపుతూనే వినింది. “మేలైంది” అంది. రెండోసారి చెప్పమంది. రెండోసారీ చెప్పాను.

ఆ వేసవిలోనే దస్తగిరమ్మలో ఒక కొత్త విద్య కనిపించింది. సాయంత్రాలు తల ఎత్తకుండానే వచ్చింది ఎవరో చెప్పేది. గంటల చప్పుడు విని గాబ్రియేలు ఎద్దులు వచ్చినాయి అనేది. చెప్పుల చప్పుడు విని బొజ్జన్నా కూచో అనేది. మేము కొట్టం గుంజను వేళ్లతో తట్టి, తట్టింది ఎవరో చెప్పమని పరీక్ష పెట్టేవాళ్లం. చిన్న ఈరన్న ఒకసారి నా చెప్పులు తొడుక్కుని వచ్చాడు. “బొజ్జన్న చెప్పుల్లో ఎవురప్పా ఎగురుతాండేది” అంది. ఆ రోజంతా అదే మాట చెప్పుకుని నవ్వుకున్నాం. పొద్దు వాలినాక కోడిని ఒలవాల్సి వచ్చినా చూపు ఎక్కడో ఉండేది. వేళ్లు వాటంతట అవే పని చేసేవి. ఒక్క ఎముక తునక కూడా మడతలోకి రాలేదు. అంత పనితనం ఎవరికి వస్తుందని కర్నూలులో కూడా చెప్పాం.

ఆమె కళ్లలో నీళ్లు కారడం చూశాం. పత్తికట్టె పొగ అనుకున్నాం. అందరమూ కూడబలుక్కుని, అడవిలో ఎండిన చండ్రకట్టె తలా కొంచెం వెదురు మీద వేసుకుని తెచ్చాం. చండ్రకట్టె పొగ రాకుండా మండుతుంది. ఆమె సంతోషపడింది. మీ పిల్లలు చల్లగా ఉండాలప్పా అని దీవించింది. పీర్ బాషా మాత్రం కట్టె పేర్చుకుంటూ మా వైపు చూడలేదు. అతనిది అప్పుడప్పుడు నొప్పితో ముడుచుకునే మొగం. నొప్పి అనుకున్నాం.

జీవమ్మ కన్నది. ఆడపిల్ల. ఆ కబురు మోసుకుని గాబ్రియేలు తానే వచ్చాడు. మేము కొందరం కొట్టం పక్కన బండ్లు కట్టబోతున్నాం. పొద్దు కిందికి దిగింది గానీ ఆకాశంలో వెలుతురు ఉంది. మనిషి మొగం మనిషికి తెలిసే వెలుతురే. బిడ్డ నిద్ర చెడుతుందని గాబ్రియేలు ఎద్దుల మెడల నుంచి గంటలు విప్పి ఇంట్లో పెట్టి వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. మెత్తని దుమ్ములో నడుచుకుంటూ వచ్చి పొయ్యికి ఇవతల, దస్తగిరమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. మాట పెగల్లేదో, ఆమే చూసి అడగాలని అనుకున్నాడో. మొగం నిండా నవ్వు.

దస్తగిరమ్మ పెనం మీద రొట్టె తిప్పి తల ఎత్తింది. అతని మొగంలోకే నేరుగా చూసింది. ఆ చూపు అతని దగ్గర ఆగలేదు.

“ఏమయా,” అని మొగుణ్ణి పిలిచింది, “ఎవురన్నా వచ్చినారా ఏమి?”

గాబ్రియేలు నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీసి పెట్టడం మరిచిన గుడ్డ మాదిరి. చేయి ఎత్తి ఆమె కళ్ల ముందు అటూ ఇటూ ఆడించాడు. ఆమె రెప్ప వేయలేదు. ఇంకో రొట్టె కోసం పిండి ముద్ద తడుముకుంటూ ఉంది. గాబ్రియేలు మెల్లగా కింద కూర్చున్నాడు. ఆ చూపు అతనికి ఇంట్లో చూసిన చూపే.

“అక్కా, నేను” అన్నాడు.

ఆమె చేయి పిండిలోనే ఆగిపోయింది. “గంటలేవప్పా?” అంది.

“ఇప్పి ఇంట్లో పెట్టినా. బిడ్డ పుట్టె. ఆడపిల్ల.”

“తల్లి ఎట్లుండాది? కండ్లు ఎట్లుండాయి?”

“బాగుండాయి.” అతను ముందుకు జరిగాడు. “నీ కండ్లు ఎప్పుటి నుంచి ఇట్ల?”

జవాబు పీర్ బాషా చెప్పాడు. మొదట కొంచెం మసకగా ఉండేదట. జీవమ్మకు పొట్లాలు మొదలైన కొన్నాళ్లకే ముదిరిందట. పగలు అంతా బాగానే ఉంటుంది. పొద్దు వాలితే పోతుంది. పొయ్యి నుంచి కుండ దాకా ఎన్నడుగులో లెక్క పెట్టుకుని తిరుగుతోంది. ఎండ ఉన్నప్పుడే కోడి ఒలవడం అయిపోవాలని తొందర పడుతోంది. నీకు వచ్చింది అదే జబ్బు, ఆ ముక్క రోజు విడిచి రోజన్నా నీ నోట్లో వేసుకో అని అతను బతిమాలుకున్నాడు.

“ఏమన్న్యాదో తెలుసునా?” అన్నాడు పీర్ బాషా. “జీవమ్మవి రెండు జతల కండ్లు, నాది ఒక జత అన్న్యాది.”

చెప్పుల చప్పుడుకు నవ్విన నవ్వులు, తట్టి పెట్టిన పరీక్షలు అన్నీ గుర్తుకు వచ్చినట్టున్నాయి, చిన్న ఈరన్న తల వంచుకుని ములుకోలతో నేల గీరుతున్నాడు. ఆమె గొప్పతనమని మేము ఊరూరా చెప్పుకున్నది ఆమెకు కనపడకపోవడం.

దస్తగిరమ్మకు ఇవేవీ పట్టలేదు. రొట్టె మాడుతున్న వాసన వచ్చి తిప్పింది. “మీరేం ఇదై పోవాకండప్పా. పొద్దు ఎక్కితే నాకు అన్నీ కనపడ్తాయి” అంది. జీవమ్మకు పాలు పడాలి, బిడ్డకు కళ్లు నిలవాలి, ఇంకా కొన్నాళ్లు పొట్లం పోతుందని కూడా తేల్చి చెప్పింది. ఆముదపాకులో చుట్టి గాబ్రియేలు చేతిలో పెట్టింది. అతను తీసుకోనన్నాడు. తల్లికని ఇచ్చింది వద్దంటావా అంది. తీసుకోక తప్పలేదు. ఆకుపొట్లం రెండు చేతుల్లో పట్టుకుని అతను నడిచిపోతూ ఉంటే, బరువు ఉన్న మనిషి మాదిరి నడిచాడు.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరు చేరినాక చిన్న ఈరన్న వెదురు ఎక్కించడం మాకు వదిలేసి అడవి అంచు పల్లెల్లోకి పోయాడు. కొక్కెర తెగులు అక్కడికి చేరలేదని విన్నాడట. మరునాడు బండి ఇరుసు కింద గంపలో కోళ్లు కట్టుకుని వచ్చాడు. మిగిలినవాళ్లం కూడా అదే దారి పట్టాం. అడవి కోళ్లకు పుట్టిన పిల్లల మాదిరి బక్కగా, కాళ్లు పొడుగ్గా ఉన్నాయవి. కానీ రోజంతా ఆకూ పురుగూ తిని తిరిగినవి. నందికొట్కూరు చేరి గంపలు దించితే పీర్ బాషా కోళ్ల కాళ్లు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కోళ్లు వచ్చాయి గానీ చిక్కు తీరలేదు. రెండు కోళ్లు కోస్తే రెండు కార్జాలు. ఒకటి జీవమ్మకు పోయింది. రెండోది ఆమె తినలేదు. సున్నపురాయి బండ్లలో ఒక ముసలాయన దగ్గుతున్నాడని అతని మడతలో పెట్టింది. మరునాడు మూడు కోస్తే మూడోది ఇంకెవరికో. వండినామె తినే ముక్క కాదది అని చిన్నప్పటినుంచి చేతికి అలవాటైంది. ఆ అలవాటు మాటలకు వినేది కాదు. పీర్ బాషా కోప్పడ్డాడు. గాబ్రియేలు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. నేను కూడా నాకు వచ్చిన నాలుగు మాటలు చెప్పాను. “తింటాలేప్పా, యాడికి పోతాది” అనేది. ఆ పూట గడిచిపోయేది.

సాయంత్రాలు ఆమె పొయ్యి దగ్గరికి దగ్గరగా జరుగుతూ వచ్చింది. ముంజేతి మీద కాలిన మచ్చలు పెరిగాయి. ఒకనాడు బాండ్లి చెవి అనుకుని బాండ్లినే పట్టుకుంది. ఇంకో నెల ఇట్లాగే ఉంటే పగటి చూపు కూడా పోతుందని, పోయింది తిరిగి రాదని టీకాల అయ్యవారు దారిలో కలిసినప్పుడు చెప్పాడు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు సైకిలు దిగి చెప్పాడు.

ఈ సంగతి విని జీవమ్మ ఇంట్లో ఉండలేకపోయింది. పచ్చి బాలింత, ఇల్లు కదలకూడదు. గాబ్రియేలు బండిలో గడ్డి మెత్తగా పరిపించుకుని, బిడ్డను కొంగులో చుట్టుకుని పొద్దు వాలే వేళకు కొట్టానికి వచ్చింది. వచ్చి దస్తగిరమ్మ పక్కన కూర్చుని బిడ్డను ఆమె ఒడిలో పెట్టింది. దస్తగిరమ్మ బిడ్డ మొగాన్ని వేళ్లతో తడిమింది. కనుబొమల మీద, రెప్పల మీద వేలు నిదానంగా పోనిచ్చింది. బిడ్డ కళ్లు తెరిచింది. అది కూడా వేలికే తెలిసింది ఆమెకు.

జీవమ్మ మమ్మల్ని అందరినీ ఒకసారి చూసింది. ఆ రోజు మేము ఎవరమూ మడత తీసుకుని బండి దగ్గరికి పోలేదు. పొయ్యి చుట్టూ కూర్చున్నాం. చిన్న ఈరన్న గాబ్రియేలు పక్కన కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం ముందు ఎప్పుడూ లేదు.

ఆ రోజు ఒకటే కోడి కోశారు. మడతలు గంపలో పెట్టుకుని దస్తగిరమ్మ పంచడం మొదలుపెట్టింది. కార్జం మెత్తదనం రొట్టె మీద నుంచి కూడా వేలికి తెలుస్తుంది. ఆ మడత ఏరి జీవమ్మ చేతికి ఇచ్చింది. జీవమ్మ తీసుకుంది. కాసేపు పట్టుకుంది. కొరకకుండా, చప్పుడు కాకుండా మళ్లీ గంపలో పెట్టి ఇంకొకటి తీసుకుంది. దస్తగిరమ్మ గాబ్రియేలుకు ఒకటి ఇచ్చింది, నాకు ఒకటి ఇచ్చింది. ఆమె వేళ్లు మళ్లీ ఆ మెత్తని మడత మీద పడ్డాయి. ఆగాయి. ఆమె మొగం జీవమ్మ ఉన్న వైపు తిరిగింది. తరువాత దాన్ని చిన్న ఈరన్నకు చాపింది. అతను అందుకుని గంపలోకే వదిలాడు. సున్నపురాయి బండి ముసలాయన కూడా అక్కడే ఉన్నాడు. అతనికి ఇస్తే అతను కూడా అంతే చేశాడు. పీర్ బాషాకు ఇచ్చింది. అతను దాన్ని పెట్టేటప్పుడు ఆమె చేతిని కూడా పట్టుకుని గంప మీద పెట్టాడు.

అందరి చేతుల్లోనూ మడతలు ఉన్నాయి. ఎవరూ కొరకలేదు. గంపలో ఒక్కటే మిగిలింది.

“చల్లారిపోతాదప్పా, తినండి” అంది.

మేము తినలేదు. పొయ్యిలో చండ్రకట్టె చిటపటమంది. బిడ్డ ఒకసారి మూలిగింది. దస్తగిరమ్మ గంపలో చేయి పెట్టి ఆ మడత తీసుకుంది. ఎవరికైనా చాపుతుందేమో అనుకున్నాను. చేయి కొంచెం ముందుకు పోయి నిలిచిపోయింది. తరువాత దాన్ని తన నోటి దగ్గరికి తెచ్చుకుంది. చిన్నగా కొరికింది. నమిలింది. ఆ ముక్క రుచి ఎట్లా ఉంటుందో ఆమెకు అంతవరకు తెలియదేమో, నమలడం ఒకసారి ఆగి మళ్లీ సాగింది.

అప్పుడు మేము కూడా తిన్నాం. పడమట కొంచెం ఎరుపు మిగిలి ఉంది. జీవమ్మ ఒక చేత్తో బిడ్డను జోకొడుతూ ఇంకో చేత్తో తింది. జొన్నరొట్టె నమిలే చప్పుడు తప్ప అక్కడ ఇంకేమీ లేదు.